కుండకు తెలిసింది, నాకు తెలియలేదు

నేను మన స్కూల్లో ఆరో తరగతి చదివే ఒక పాప తల్లిని. ఈ పేజీకి ఏదైనా రాయమని క్లాస్ టీచర్ గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. ఎగ్జామ్ టిప్స్ ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేవు. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. అందులో ఒక మట్టికుండ ఉంది, కొంచెం కెమిస్ట్రీ ఉంది, నేను చేసిన ఒక తప్పు ఉంది.

ముందు తప్పు సంగతి చెప్పేస్తాను.

పొద్దున ఆరున్నరకి మీ ఇల్లు ఎలా ఉంటుందో మా ఇల్లూ అంతే. జడలు, ఐడీ కార్డు, బెల్టు ఎక్కడ పెట్టావు, నిన్న రాత్రే బ్యాగు ఎందుకు సర్దుకోలేదు. ఈ హడావుడిలో గ్లాసు పాలు. మా పాప ఆరో తరగతిలోకి వచ్చాక క్లాసులో అందరికంటే పొట్టిగా ఉందని నాకు బెంగ పట్టుకుంది. చిన్న గ్లాసు తీసేసి పెద్ద స్టీలు గ్లాసు పెట్టాను. పొడి రెండు చెంచాలు వేసి, నురగ వచ్చేలా తిరగపోసి చేతికిచ్చేదాన్ని. అది గ్లాసు పట్టుకుని బాల్కనీ తలుపు దగ్గర నిలబడేది. కాసేపటికి వెళ్ళి చూస్తే పాలు అలాగే ఉండేవి, పైన మీగడ కట్టి. 'తాగితేనే బస్సు' అనేదాన్ని. కళ్ళు మూసుకుని తాగేది.

జూన్ నెలాఖర్లో బస్సులో ఆయా ఫోన్ చేసింది, పాపకి కడుపునొప్పిగా ఉందని. ఆ తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు అదే మాట. జూలైలో లెక్కల యూనిట్ టెస్ట్ రోజు నొప్పి. ఆగస్టులో సైన్స్ టెస్ట్ రోజు నొప్పి. సిక్ రూమ్‌లో పడుకోబెట్టి నాకు ఫోన్ చేస్తే, ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చేదాన్ని. నేను వచ్చేసరికి నొప్పి తగ్గిపోయి ఉండేది. ఆదివారం మాత్రం ఎప్పుడూ నొప్పి లేదు.

ఒకరోజు కారులో అడిగేశాను: 'సెలవు రోజు రాని కడుపునొప్పి స్కూలు రోజే ఎలా వస్తుందమ్మా? ఎవరిని మోసం చేస్తున్నావ్?' అది ఏమీ మాట్లాడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు అది ఒప్పుకున్నట్టే అనిపించింది.

జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను నేను. రెండు విషయాలు కలిసి వచ్చినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని కొత్తగా చేరిన పిల్లలకి రోజూ చెప్పే ఉద్యోగం. ఆదివారాలు మేము తొమ్మిదింటికి లేచి నేరుగా దోశలు తింటామని, ఆ రోజు మా ఇంట్లో పాల గ్లాసే ఉండదని నాకు తట్టలేదు.

ఇక కుండ దగ్గరికి వద్దాం.

సెప్టెంబరులో సోషల్ టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మీ పిల్లలూ చేసే ఉంటారు. ఇంట్లో అమ్మానాన్నల కంటే పాతదైన ఒక వస్తువు తీసుకుని, దాన్ని చూసి ఏం తెలుస్తుందో రాయాలి. చాలామంది పాత రేడియో, ఇత్తడి బిందె, గడియారం తెచ్చారని తర్వాత తెలిసింది. మా పాప వాళ్ళ జేజి పాలకుండ కావాలంది. మా అత్తమ్మది నంద్యాల దగ్గర పల్లె. ఊరొదిలి మా దగ్గరికి వచ్చేటప్పుడు ఆ కుండని చీరలో చుట్టి తెచ్చుకుంది. నాలుగేళ్ళుగా అటక మీద ఉంది. దించితే అంచు దగ్గర ఒక చిన్న పెచ్చు ఊడింది. ఆ పెచ్చుని కూడా పాప ఒక కవర్లో దాచుకుంది.

కుండ లోపలంతా నల్లగా, నున్నగా ఉంది. పాప ముక్కు పెట్టి చూసి, 'నెయ్యి వాసనొస్తోంది జేజీ' అంది. నాకైతే మట్టి వాసనే వచ్చింది. అత్తమ్మ నవ్వింది. 'రాకుండా యాడికి పోతాదే? ముప్పై ఏండ్లు పాలు కాగినాయి దాంట్లో. మనం మర్సిపోతాం గానీ కుండ మర్సిపోదు' అంది.

అప్పుడు పాప నన్ను అడిగింది. 'అమ్మా, జేజి లేకపోతే ఇందులో ఏముండేదో ఎలా తెలుస్తుంది? హరప్పా వాళ్ళ కుండల్లో ఏముండేదో చెప్పడానికి ఏ జేజీ లేదు కదా?'

ఆ రాత్రి ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. పన్నెండు దాటింది. ఎందుకంటే చదువుతున్నకొద్దీ నాకు తెలిసిన మెషిన్ పేరే కనపడుతోంది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్. మాత్రల్లో ద్రావకాలు ఎంత మిగిలాయో చూడటానికి నేను రోజూ వాడే మెషిన్‌తోనే ఏడు వేల ఏళ్ళ నాటి కుండలో ఏం వండారో చూస్తున్నారు.

ఎలాగో చెప్తాను, కష్టమేమీ కాదు. మన స్టీలు గిన్నెకీ మట్టికుండకీ తేడా ఏమిటంటే, మట్టికుండకి ఒళ్ళంతా కంటికి కనపడని సన్నటి రంధ్రాలు. వండినప్పుడు కొవ్వు కరిగి వాటిలోకి ఇంకుతుంది. కుండ పగిలి, మట్టిలో పూడుకుపోయాక పైన అంటుకున్నదంతా పోతుంది. కానీ కొవ్వుకీ నీళ్ళకీ పడదు కాబట్టి లోపల ఇంకింది వానలకి కొట్టుకుపోదు. ఆ రంధ్రాల్లోకి సూక్ష్మజీవులు చేరడం కూడా కష్టం. అందుకని ఒక గోరంత పెంకు తీసుకుని, పైపొర గీకేసి, మిగతాది రోట్లో వేసినట్టు పొడి చేసి, ద్రావకంలో నానబెడితే ఆ కొవ్వు బయటికి వస్తుంది. దాన్ని మెషిన్లోకి పంపితే ఏమేమి ఆమ్లాలున్నాయో గీతలు గీసి చూపిస్తుంది. ఎక్కువగా కనపడేవి రెండు, పామిటిక్ ఆమ్లం, స్టియరిక్ ఆమ్లం.

అక్కడితో ఆగితే ఉపయోగం లేదు. ఆ రెండూ మాంసంలోనూ ఉంటాయి, పాలల్లోనూ ఉంటాయి. ఏది ఏదో తేల్చే ఉపాయాన్ని 1998లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఎవర్‌షెడ్, ఆయన సహచరులు బయటపెట్టారు. అది చదివి నేను లేచి కూర్చున్నాను. కార్బన్‌లో మామూలు రకంతో పాటు కొంచెం బరువైన రకం కూడా ఒకటి ఉంటుంది, కార్బన్-13. ఆవు పొదుగు పామిటిక్ ఆమ్లాన్ని సొంతంగా తయారు చేసుకోగలదు. స్టియరిక్ ఆమ్లాన్ని చేసుకోలేదు. అందుకని పాలల్లో ఉండే స్టియరిక్‌లో కొంత భాగం ఆవు తిన్న మేతలోని కొవ్వు నుంచి, దాని కడుపులో మారి వస్తుంది. అలా వచ్చినదాంట్లో కార్బన్-13 తక్కువ. ఆవు ఒంట్లో పేరుకున్న కొవ్వులో అంత తేడా ఉండదు. కాబట్టి రెండు ఆమ్లాల మధ్య తేడా కొలిస్తే ఆ కుండలో కాగింది పాలా, ఉడికింది మాంసమా తెలిసిపోతుంది. ఆవు ఎప్పుడు చచ్చిపోయిందో, ఆ కుండ ఎవరిదో ఏదీ తెలియకపోయినా దాని పొదుగు చేసిన పని మాత్రం కుండలో రాసి ఉంటుంది.

మర్నాడు పొద్దున ఇదంతా చెప్తే అత్తమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పాలకుండని ఆమె ఎప్పుడూ మిగతా అంట్లతో కలిపి తోమనిచ్చేది కాదట. వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి, దాలి సెగకి ఒకసారి చూపించేది. దాలి అంటే చూడని వాళ్ళకి: పిడకల నిప్పు మీద పాలకుండ పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మెల్లగా కాగనిచ్చే గుంత. కొత్త కుండ కొంటే కడుగు నీళ్ళు పోసి నానబెట్టి, గంజి కాచి పారబోసి, అప్పుడు వాడేవారు. రంధ్రాల సంగతి ఆమెకి పేరు తెలియకుండానే తెలుసు.

'మరి కుండలో ముందు ఒకటి వండి, తర్వాత ఇంకోటి వండితే?' అని పాప అడిగింది. ఆ ప్రశ్నకి సమాధానం కోసం అమెరికాలో కొందరు ఏడాది పాటు వంట చేశారంటే నమ్మండి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఏడుగురు తలా ఒక కొత్త మట్టికుండ తీసుకుని వారానికోసారి వండారు. ఒక్కొక్కరు 50 సార్లు. జింక మాంసం, మొక్కజొన్న, గోధుమ, వీటితోనే. ఆఖర్లో కొందరు వంటకం మార్చారు. తర్వాత కుండలు పరీక్షించారు. 2020లో ఫలితాలు అచ్చయ్యాయి. అడుగంటి మాడిన పెచ్చులో ఉన్నది ఆఖరిసారి వండినదే. కుండ గోడలోకి ఇంకిన కొవ్వులో మాత్రం ఎన్నో నెలల పాత వంటలు ఉన్నాయి. కొత్త వంట వచ్చినా పాతది చెరిగిపోలేదు.

ఇది చదివి వినిపిస్తే అత్తమ్మ కాసేపు ఊరుకుని, ఒక మాట చెప్పింది. ఒక కరువు ఏడాది బర్రెని అమ్మేశారట. మేత లేదు, తాగడానికే నీళ్ళు లేవు. పాలకుండ ఖాళీ. ఆ ఏడాది దాంట్లో ఉలవలు ఉడకేసుకుని తిన్నారట. 'ఆ సంగతి మీ మిసనీకి తెలుస్తాదా?' అని అడిగింది. నేను నిజమే చెప్పాను. తెలియదు అత్తమ్మా. ఉలవల్లో కొవ్వు చాలా తక్కువ. పాల కొవ్వు ముందు దాని జాడ కనపడదు. మన కరువు ఏడాది ఆ కుండలో లేనట్టే.

ఈ పద్ధతికున్న పెద్ద లోపం అదే. కొవ్వున్నవే ఎక్కువగా మాట్లాడతాయి. గింజలు, పప్పులు, ఆకుకూరలు దాదాపు మౌనంగా ఉంటాయి. కొన్ని మినహాయింపులున్నాయి. క్యాబేజీ ఆకు మీది మైనం ఇంగ్లండ్‌లో పాత కుండల్లో దొరికింది. వరిగల్లో ఉండే మిలియాసిన్ అనే పదార్థం కొరియాలోనూ పోలండ్‌లోనూ తవ్విన పెంకుల్లో దొరికింది. కానీ మన దక్కనులో కొత్తరాతియుగం వాళ్ళు ఉలవలు, పెసలు, అండుకొర్రలు తిన్నారని మనకి తెలిసింది కుండల వల్ల కాదు, నీళ్ళల్లో మట్టిని కలిపితే పైకి తేలే మాడిన గింజల వల్ల. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఒక బూడిద దిబ్బ తవ్వారు. అది వేల ఏళ్ళ కిందట ఆవుల మందల్ని కట్టేసిన దొడ్డి. పేరుకున్న పేడని మళ్ళీ మళ్ళీ కాల్చగా మిగిలిన బూడిద. పశువులు ఇన్ని ఉన్నాయంటే కుండల్లో పాలు ఉండే ఉంటాయని మా పాప వెంటనే తేల్చేసింది. 'ఉండే ఉంటాయి' అని రాయకూడదు, పెంకు పరీక్షించాక రాయాలి అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకే ఏదో గుచ్చుకుంది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

హరప్పా వాళ్ళ దగ్గరికి వస్తే, గుజరాత్ కచ్ఛ్‌లో కోటడా భాడ్లీ అనే చిన్న పల్లెలో దొరికిన 59 పెంకులు పరీక్షించారు. 2020లో ఫలితం వచ్చింది. క్రీ.పూ. 2500 ప్రాంతంలో అక్కడ పాల పదార్థాలు కుండల్లో కాచారు. హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని సింధు నాగరికత ఊళ్ళ నుంచి 172 పెంకులు తీసుకుని అక్షయేత సూర్యనారాయణ్ అనే పరిశోధకురాలు చేసిన పని 2021లో అచ్చయింది. అందులో ఎక్కువగా కనపడినవి జంతువుల కొవ్వులు. ఆవు లేదా గేదె, మేక లేదా గొర్రె, పంది. పాల జాడలూ ఉన్నాయి. ఈ మాట ఒక్కో ఇంట్లో ఒక్కోలా వినపడుతుందని నాకు తెలుసు. పాప ప్రాజెక్టులో దీన్ని రాయాలా వద్దా అని మా ఆయన కొంచెం తటపటాయించారు. రాయమన్నాను. రీడింగ్ ఏమొస్తే అది రిజిస్టర్లో రాయడం నా ఉద్యోగం. నచ్చని రీడింగ్‌ని కొట్టేస్తే ఉద్యోగం పోతుంది. దాని పక్కనే ఇంకోటి కూడా రాయించాను. హర్యానాలోని ఫర్మానాలో వంటకుండల మీద, మనుషుల పళ్ళ మీద దొరికిన పిండిరేణువుల్లో పసుపు, అల్లం ఉన్నాయని 2010లో అరుణిమా కశ్యప్, స్టీవ్ వెబర్ చూపించారు. నాలుగు వేల ఏళ్ళు దాటిన అల్లం. పాపకి ఇదే అన్నిటికంటే నచ్చింది. 'అయితే వాళ్ళకీ టిఫిన్ బాక్సులో పసుపు మరకలయ్యేవన్నమాట' అంది.

ఒకటి మాత్రం దానికి చదివి వినిపించకుండా దాటేశాను. జర్మనీలోని బవేరియాలో పసిపిల్లల సమాధుల్లో చిన్న చిన్న మట్టిపాత్రలు దొరికాయి. పక్కన సన్నటి కొమ్ము ఉంటుంది. అచ్చం మన ఉగ్గుగిన్నె లాంటివే. కంచుయుగం, ఇనుపయుగం నాటివి. వాటిని పరీక్షిస్తే పశువుల పాల జాడలు దొరికాయని 2019లో రాశారు. తల్లి పాలు చాలకో, మాన్పించడానికో ఎవరో ఆ గిన్నెతో పాలు పట్టారు. ఆ బిడ్డ బతకలేదు. గిన్నెని బిడ్డతో పాటే పెట్టారు. మా పాపకి పట్టిన ఉగ్గుగిన్నె ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆ రాత్రి లేచి వెళ్ళి చూసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. పోలండ్‌లో కుయావియా అనే ప్రాంతంలో చిల్లుల కుండల పెంకులు దొరికాయి. దాదాపు ఏడు వేల ఏళ్ళ నాటివి. ఇవి చీజ్ వడకట్టడానికి అయి ఉంటాయని పీటర్ బొగుకి అనే ఆయన 1984లోనే రాశారు. అవునో కాదో చెప్పడానికి అప్పట్లో దారి లేదు. 2013లో ఆ పెంకుల్లో పాల కొవ్వు దొరికింది. మామూలుగా అయితే కొవ్వుని చూసి అది పాలా, పెరుగా, వెన్నా అని చెప్పలేరు. ఇక్కడ కుండకున్న చిల్లులు మిగతా మాట చెప్పాయి. పాలు విరిగిస్తే గట్టిది చిల్లుల మీద నిలుస్తుంది, నీరు కిందికి పోతుంది. ఆ నీటితో పాటే లాక్టోజ్ అనే పాల చక్కెర చాలావరకు పోతుంది.

ఎందుకంత శ్రమ పడ్డారంటే, ఆ కాలం పెద్దవాళ్ళకి పచ్చిపాలు అరిగేవి కావు. పాల చక్కెరని విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పసితనంలో అందరికీ ఉంటుంది. పాలు మాన్పించాక కొన్నేళ్ళకి మెల్లగా తగ్గిపోతుంది. అది జబ్బు కాదు, మనిషికి అదే మామూలు. ఇప్పటికీ ప్రపంచంలో పెద్దయ్యాక కూడా ఆ ఎంజైము నిలిచి ఉండేవాళ్ళు మూడో వంతు మంది మాత్రమే. ఎవర్‌షెడ్ బృందం 2022లో 554 చోట్ల నుంచి వచ్చిన 13,181 పెంకుల లెక్కలు ముందేసుకుని చూస్తే, ఐరోపాలో జనం వేల ఏళ్ళ పాటు పాలు వాడుతూనే ఉన్నారు, అరిగించుకునే శక్తి మాత్రం చాలా తర్వాత వ్యాపించింది. మన దేశంలో ఆ శక్తిని ఇచ్చే జన్యువు వాయవ్యం వైపు ఎక్కువ, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేసరికి తక్కువ అని 2012లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ జన్యువు లేని వాళ్ళలో చాలామంది పాలు తాగినా ఏమీ కాదు. కొందరికి మాత్రం గంటా రెండు గంటల్లో కడుపు ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, విరేచనం.

ఇదంతా నేను డైనింగ్ టేబుల్ దగ్గర చదివి వినిపిస్తున్నాను. ఒక చేత్తో ఫోను, ఇంకో చేతి పక్కన పాప కోసం చల్లారుతున్న పాల గ్లాసు. పాప పెన్సిల్ ఆపి అడిగింది. 'అమ్మా, వాళ్ళకి నొప్పి ఎప్పుడొచ్చేది? తాగిన వెంటనేనా, బస్సెక్కాకా?'

అది జోకు వేయలేదు. నిజంగానే అడిగింది.

ఆ గ్లాసు తీసుకెళ్ళి సింక్‌లో పోశాను. అత్తమ్మ చూసింది గానీ ఏమీ అనలేదు. తర్వాత, పాప నిద్రపోయాక అంది: 'మా ఇండ్లల్లో పిల్లోల్లకి పాలు యాడివి? పాలు అమ్మకానికి. పిల్లోల్లకి చల్ల, పెరుగన్నం. పొట్టిగా ఏమన్నా ఉండారా మీ ఆయన?' మా ఆయన ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ.

పిల్లల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ వివరంగా అడిగి, పొట్ట నొక్కి చూసి, రెండు వారాలు పాలు పూర్తిగా ఆపి, రోజూ ఒక నోట్‌బుక్‌లో రాయమన్నారు. ఆ తర్వాత ఒకరోజు కొంచెం ఇచ్చి చూడమన్నారు. మా ల్యాబ్ భాషలో చెప్పాలంటే బ్లాంక్ నడిపి, తర్వాత శాంపిల్ ఎక్కించడమే. ఆ మాత్రం నేను జూలైలోనే చేయొచ్చు. రెండు వారాల్లో ఒక్కరోజు కూడా నొప్పి లేదు. ఆ రెండు వారాల మధ్యలో లెక్కల టెస్ట్ కూడా అయింది. మూడో వారం శనివారం సగం గ్లాసు ఇస్తే తొమ్మిదిన్నరకల్లా పొట్ట పట్టుకుంది. పెరుగుతో ఏ ఇబ్బందీ లేదు. పెరుగు తోడుకునేటప్పుడు అందులో ఉండే సూక్ష్మజీవులు పాల చక్కెరలో కొంత ముందే తినేస్తాయి, మిగిలినదాన్ని అరిగించడంలోనూ సాయం చేస్తాయి. క్యాల్షియం కోసం పెరుగు, రాగి సంగటి, నువ్వులు రాసిచ్చారు.

దయచేసి ఇది చదివి రేపటి నుంచి మీ పిల్లలకి పాలు మాన్పించకండి. చాలామంది పిల్లలకి పాలు హాయిగా అరుగుతాయి, ఆ క్యాల్షియం వాళ్ళకి అవసరం కూడా. కడుపునొప్పికి వంద కారణాలుంటాయి. పరీక్ష భయం కూడా నిజమైన కారణమే, దానికి వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే. డాక్టర్ని అడగండి. ఒక నోట్‌బుక్ పెట్టండి, ఆదివారాలు కూడా రాయండి.

ప్రాజెక్టు బాగా వచ్చింది. చార్టు మీద కుండ బొమ్మ, పక్కన దారంతో కట్టిన ఊడిన పెచ్చు. కింద పాప తన సొంత దస్తూరీతో రాసింది: 'పరికరాలు: ముక్కు, జేజి, అమ్మ ఫోను.' కరువు ఏడాది ఉలవల సంగతి కూడా రాసింది, 'ఇది మెషిన్‌కి దొరకదు, జేజి చెప్పింది' అని బ్రాకెట్లో పెట్టి. టీచర్ గారు దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసి 'చాలా బాగుంది' అని రాశారు.

కారులో అన్న మాటకి నేను సారీ చెప్పాను. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు చెప్పాను. 'పర్లేదులే అమ్మా' అంది. నేను కూడా సరే అయిపోయింది అనుకున్నాను.

పోయిన వారం రాత్రి దానికి జ్వరం వచ్చింది. పదకొండింటికి మా గదిలోకి వచ్చి, మంచం పక్కన నిలబడి నా భుజం తట్టింది. ఒళ్ళు కాలిపోతోంది. నేను కళ్ళు తెరిచేలోపే అంది, 'అమ్మా, నిజంగానే. అబద్ధం కాదు.'